కుడికాలికి రెండు పనులు

సినిమాల్లో కార్ ఛేజ్‌లు చూస్తుంటారు కదా. హీరో గేర్ రాడ్ పట్టుకుంటాడు, క్లోజప్. కాలు పెడల్ మీద దబ్బున పడుతుంది, ఇంకో క్లోజప్. బండి ముందుకు దూకుతుంది. పది నిమిషాల ఛేజ్‌లో ఆయన కనీసం ఇరవై గేర్లు పైకి వేసి ఉంటాడు. మన కార్లలో ఉండేవే ఐదు. మిగతా పదిహేను ఎక్కడివి? మధ్యలో ఎప్పుడో కిందకి కూడా వేసి ఉండాలి కదా. ఆ కిందకి వేయడం ఒక్కటే ఏ డైరెక్టరూ చూపించడు.

ఈ వారం ఆ చూపించని పని గురించే. గేర్ పైకి వేయడం ఎవరికైనా వారం రోజుల్లో వచ్చేస్తుంది. కుదుపు లేకుండా, పక్క సీట్లో ఉన్న అమ్మ "ఒరేయ్, మెల్లగా" అనకుండా కిందకి వేయడం వేరే విద్య. దాని పేరు రెవ్ మ్యాచింగ్. దానికి అన్నయ్యలాంటిది ఇంకోటుంది, హీల్ అండ్ టో. పేరు వింటే డ్యాన్స్ స్టెప్పులా ఉంటుంది. నిజానికి కాస్త అలాంటిదే.

నేను చదివింది మెకానికల్, చేసేది జావా. మనలో చాలామంది కథ ఇదే కాబట్టి ఎక్కువ చెప్పను. బీటెక్‌లో సింక్రోమెష్ గేర్‌బాక్స్ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అది నా చేతి కింద ఏం చేస్తోందో అర్థమైంది మాత్రం మొన్నమొన్ననే, ఇరవై ఎనిమిదో ఏట, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో. హైదరాబాద్‌లో ఉద్యోగం, కర్నూల్లో ఇల్లు, కడపలో అమ్మ పుట్టిల్లు. నెలకోసారైనా ఈ మూడింటి మధ్య తిరుగుతుంటాను.

బయటివాళ్ళకి రాయలసీమ అంటే ఎండ, రాళ్ళు, తిన్నగా పోయే రోడ్డు. సగం నిజమే. హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఐదో గేర్ వేసి ఎడమకాలు కదపకుండా వచ్చేయొచ్చు. కర్నూలు నుంచి ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకి పోయే 40వ నంబర్ రోడ్డూ చాలావరకు అంతే. కానీ కాస్త పక్కకి చూడండి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, కడప దాటితే పాలకొండలు. నంద్యాల నుంచి గిద్దలూరు పోవాలన్నా, ఆత్మకూరు నుంచి దోర్నాల పోవాలన్నా నల్లమల ఎక్కి దిగాల్సిందే. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ ఉంది. పాలకోవాకి ఆ ఊరి పేరు ఎంత వినపడుతుందో, యాక్సిడెంట్ వార్తల్లోనూ అంతే వినపడుతుంది. లోడుతో దిగే లారీలు, వాటి వెనక ఓపిక లేని కార్లు, ఎదురుగా ఎక్కే బస్సులు. అక్కడ గేర్ కిందకి వేయడం రాకపోతే అది స్టైల్ సమస్య కాదు.

సరే, ముందు కుదుపు ఎందుకొస్తుందో చూద్దాం.

60 కిలోమీటర్ల స్పీడ్‌లో నాలుగో గేర్‌లో పోతున్నారనుకోండి. ఇంజన్ నిమిషానికి 2200 సార్లు తిరుగుతోంది. నాలుగో గేర్ నిష్పత్తి 0.95, మూడోది 1.3 అనుకుందాం. అదే స్పీడ్‌లో మూడో గేర్‌కి రావాలంటే ఇంజన్ దాదాపు 3000 సార్లు తిరగాలి. 2200ని 1.3తో గుణించి 0.95తో భాగిస్తే వచ్చేది అదే. మీ కారు అంకెలు కొంచెం అటూఇటూ ఉంటాయి, లెక్క మాత్రం మారదు.

ఇప్పుడు మీరు క్లచ్ తొక్కారు, యాక్సిలరేటర్ వదిలేశారు, గేర్ మార్చారు. ఈలోగా ఇంజన్ 2200 నుంచి ఇంకా కిందకి జారి 1500 దగ్గరికి వచ్చేసింది. చక్రాల వైపు నుంచేమో 3000 కావాలని డిమాండ్. క్లచ్ వదలగానే మధ్యలో ఉన్న 1500 తేడాని ఎవరో ఒకరు భరించాలి. భరించేది క్లచ్ ప్లేటు. పరిగెత్తుతున్న బండి తన వేగం ఖర్చుపెట్టి ఇంజన్‌ని పైకి లాగుతుంది, ఆ లాగుడు మీ మెడకి తెలుస్తుంది. వెనక సీట్లో వాంతి కవర్ పట్టుకుని కూర్చున్న అత్తయ్యకి ఇంకా బాగా తెలుస్తుంది.

దీనికి మందు చాలా సింపుల్. గేర్ మూడులో పడ్డాక, క్లచ్ వదిలేముందు, యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టాలి. తొక్కడం కాదు, తట్టడం. ఇంజన్ "వ్రూమ్" అని 3000 దగ్గరికి లేస్తుంది. ఆ క్షణంలో క్లచ్ వదిలేస్తే రెండు వైపులా ఒకే వేగం కాబట్టి గొడవే ఉండదు. గేర్ పడినట్టు చెవికి తెలుస్తుంది గానీ ఒంటికి తెలియదు. రెవ్ మ్యాచింగ్ అంటే ఇంతే.

ఇక్కడ వీడియోల్లో చాలామంది కలిపేసే విషయం ఒకటుంది. "ఈ కాలం కార్లలో సింక్రోమెష్ ఉంది కదా, అదే మ్యాచ్ చేసేస్తుంది, మనమెందుకు చేయాలి?" అని అడుగుతుంటారు. సింక్రోమెష్ మ్యాచ్ చేసేది గేర్‌బాక్స్ లోపలి చక్రాలని మాత్రమే. క్లచ్ తొక్కి ఉన్నప్పుడు ఇంజన్ విడిగా ఉంటుంది, దాని దగ్గరికి సింక్రో చెయ్యి చేరదు. గేర్ గరగరలాడకుండా పడటం సింక్రో పుణ్యం. పడ్డాక బండి కుదపకుండా ఉండటం మీ కుడికాలి పుణ్యం.

ఆ సింక్రోమెష్‌ని కార్లలో మొదట పెట్టింది అమెరికాలో క్యాడిలాక్ కంపెనీ, 1928లో. మన రోడ్ల మీదికి అది నిదానంగా వచ్చింది. పాత అంబాసిడర్‌లో మొదటి గేర్‌కి సింక్రో ఉండేది కాదు. బండి పూర్తిగా ఆగాకే ఫస్ట్ గేర్ వేయడం మన తాతల డ్రైవింగ్‌లో ఆచారమైంది అందుకే. పాత లారీల సంగతైతే చెప్పనక్కర్లేదు. వాటిలో ప్రతి గేర్‌నీ డ్రైవరే కలపాలి. క్లచ్ తొక్కు, న్యూట్రల్‌కి తే, క్లచ్ వదులు, రేజ్ చెయ్యి, మళ్ళీ క్లచ్ తొక్కు, అప్పుడు గేర్ వెయ్యి. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. ఒక్క గేర్‌కి రెండు క్లచ్‌లు. లోడ్ లారీ ఘాట్ ఎక్కి దిగేసరికి ఎన్నిసార్లు వేయాలో ఊహించుకోండి.

మా మామ, అంటే అమ్మ వాళ్ళ అన్న, ఆ బ్యాచ్ మనిషి. ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు. బేతంచెర్ల బండలు, యర్రగుంట్ల సిమెంటు, కర్నూలు ఎర్రగడ్డలు, బియ్యం, ఏది దొరికితే అది వేసుకుని బెంగళూరు, చెన్నై తిరిగాడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంటి పట్టునే ఉంటున్నాడు. నేను లాప్‌టాప్‌లో పెడల్ వీడియోలు చూస్తుంటే పక్కన కూర్చుని చూశాడు. అందులో అయిర్టన్ సెన్నా జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ నడుపుతుంటాడు. తెల్ల సాక్సులు, లోఫర్లు వేసుకుని, ఏదో పెళ్ళికి పోతూ దారిలో ట్రాక్ మీదికి వచ్చినట్టు ఉంటాడు. కెమెరా ఆయన కాళ్ళ మీద ఉంటుంది. కుడి పాదం ముందు భాగం బ్రేక్ మీద ఉండగానే, పాదం పక్క భాగం యాక్సిలరేటర్ మీదికి దొర్లి తట్టి వచ్చేస్తుంది. ఎడమకాలు క్లచ్ మీద. మూడు పెడల్స్, రెండు కాళ్ళు.

మామ రెండుసార్లు చూసి, "ఇంతేనా? మేం ఒట్టి కాళ్ళతో చేసేటోళ్ళం అల్లుడూ" అన్నాడు. కోతలు కోస్తున్నాడనుకున్నాను. పాత లారీ పక్కన నిలబడి అడిగి చూస్తే ఆయన తరం డ్రైవర్లు చాలామంది ఇదే మాట చెప్పారు. ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు తీయలేరు, రేజ్ చేయకుండా గేర్ పడదు. అవసరమే ఆ కాలిని వంచింది. చెప్పులు విప్పేసేది పెడల్ ఎక్కడుందో అరికాలికి తెలియాలని. సెన్నా సంగతి వాళ్ళకి తెలియదు, వాళ్ళ సంగతి సెన్నాకి తెలియదు.

ఇంకో ముచ్చట. ఫార్ములా వన్‌లో ఇప్పుడు ఈ విద్య అక్కర్లేదు. 1989లో ఫెరారీ స్టీరింగ్ వెనక మీటలతో గేర్లు మార్చే కారు తెచ్చింది, బ్రెజిల్‌లో మొదటి రేసులోనే మాన్సెల్ దాన్ని గెలిపించాడు. తర్వాత కొన్నేళ్ళకి అందరూ అటే వెళ్ళిపోయారు. మామూలు కార్లలో 2009 నిస్సాన్ 370జెడ్ మాన్యువల్ గేర్ ఉంచుతూనే రెవ్ మ్యాచింగ్‌ని కంప్యూటర్‌కి అప్పగించింది. మన దగ్గర 2020లో హ్యుందాయ్ వెన్యూలో క్లచ్ పెడలే తీసేసి గేర్ రాడ్ మాత్రం ఉంచారు. అంటే ఒక్కో పనీ కాలి నుంచి చిప్‌కి పోతోంది. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు ఇందులో అభ్యంతరం ఉండకూడదు. కానీ ఉంది.

నేర్చుకోవడం మొదలుపెట్టింది ఓర్వకల్లు వైపు, ఆదివారం పొద్దున్నే, ముందూ వెనకా బండ్లు లేని చోట. మామ పక్క సీట్లో. మొదటి రోజు బండి కదలనే లేదు. న్యూట్రల్‌లో నిలబెట్టి, యాక్సిలరేటర్ తట్టి సూది 3000కి తేవడం, వదలడం, మళ్ళీ తేవడం. ఇంతే గంటసేపు. ఇది వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ అసలు పాఠం ఇదే. ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య కేబుల్ లేదు, వైరు ఉంది. మీరు తట్టిన తర్వాత కంప్యూటర్ "సరే" అనుకుని గాలి తలుపు తెరిచేసరికి రవ్వంత ఆలస్యం. ఆ ఆలస్యం ఒక్కో కారుకీ ఒక్కోలా ఉంటుంది. మన కారు ఆలస్యం మన కాలికి ఎక్కాలి.

"పాటలు బందు పెట్టు" అన్నాడు మామ. "ఇంజను మాట్లాడతాంటాది. ఆ సూది చూసేది కాదు అల్లుడూ, చెవితో ఇనాల."

తర్వాత 50, 60 స్పీడ్‌లో నాలుగు నుంచి మూడు. తట్టింది తక్కువైతే బండి వెనక్కి లాగినట్టు ఉంటుంది, ఎక్కువైతే ముందుకి తోసినట్టు. రెండిటి మధ్య ఎక్కడో వెన్నలా దిగే చోటు. రెండో ఆదివారం మధ్యాహ్నానికి పదింట్లో నాలుగు దిగాయి. మూడో ఆదివారానికి ఏడెనిమిది. మూడు నుంచి రెండుకి ఇంకా కష్టం, అక్కడ నిష్పత్తుల మధ్య తేడా ఎక్కువ, కాబట్టి ఎక్కువ తట్టాలి. ఒకటో గేర్‌కి ఈ వేషాలు అక్కర్లేదు, దాని జోలికి పోకండి.

హీల్ అండ్ టో దగ్గర మాత్రం చిక్కొచ్చింది. మన హ్యాచ్‌బ్యాక్‌లలో బ్రేక్ పెడల్ ఎత్తులో ఉంటుంది, యాక్సిలరేటర్ లోపలికి ఉంటుంది. మెల్లగా బ్రేక్ వేస్తే రెండూ ఒక మట్టానికి రావు, పాదం పక్కకి దొర్లినా యాక్సిలరేటర్ అందదు. గట్టిగా బ్రేక్ వేస్తేనే పెడల్ కిందకి దిగి రెండూ సమానమవుతాయి. రేసు డ్రైవర్‌కి సమస్య లేదు, అతను ఎప్పుడూ గట్టిగానే వేస్తాడు. కర్నూలు బళ్ళారి చౌరస్తా దగ్గర అలా వేస్తే వెనక ఆటో మన డిక్కీలో ఉంటుంది. పైగా కొన్ని కార్లలో బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి తొక్కితే కంప్యూటర్ యాక్సిలరేటర్‌ని పట్టించుకోదు. అది భద్రత కోసం పెట్టిందే, తప్పుపట్టలేం.

అందుకని నా లెక్క ఇది. రెవ్ మ్యాచింగ్ మాన్యువల్ కారు నడిపే ప్రతి ఒక్కరికీ రావాలి. ముందు బ్రేక్‌తో స్పీడ్ తగ్గించు, బ్రేక్ వదిలి తట్టి గేర్ దించు, తర్వాత మలుపు. రోడ్డు మీద నూటికి తొంభై సార్లు ఇది చాలు. హీల్ అండ్ టో సరదా విద్య. నేను సరదాకే నేర్చుకున్నాను, దానికి పెద్ద కారణాలు చెప్పను. నిజంగా దాని రుచి చూడాలంటే చెన్నై శివార్లలో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, అక్కడ హెల్మెట్ పెట్టుకుని చేయండి. పబ్లిక్ రోడ్డు మీద పాదం బ్రేక్ మీది నుంచి జారిందంటే ఎదురుగా ఉన్నవాడికి మన సరదాతో ఏం సంబంధం?

ఘాట్ సంగతి వేరే. అక్కడ గేర్ దించడమే బ్రేక్.

చిన్న లెక్క చూడండి. 1200 కిలోల కారు 200 మీటర్ల ఎత్తు నుంచి కిందకి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 23.5 లక్షల జౌళ్ళు. ఏడు లీటర్ల నీళ్ళని కళపెళా మరిగించేంత వేడి. 25 టన్నుల లోడ్ లారీకైతే 145 లీటర్ల నీళ్ళు మరిగేంత. గాలి కొంత తీసుకుంటుంది, టైర్లు కొంత. మిగతాది ఇంజన్ తీసుకోవాలి, లేదా బ్రేకులు తీసుకోవాలి. బండి గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ తనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, గేర్ ఎంత తక్కువైతే పట్టు అంత ఎక్కువ. న్యూట్రల్‌లో దిగితే ఆ ఏడు లీటర్ల వేడిలో ఎక్కువ భాగం నాలుగు చక్రాల్లోని బ్రేకులకే.

బ్రేకులు వేడెక్కితే ఏమవుతుంది? ప్యాడ్ పట్టు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా తట్టుకోవాలని ప్రమాణం. కానీ అది గాలిలోని తేమని తాగుతుంటుంది. తేమ పట్టాక ఆ ప్రమాణం 140 డిగ్రీలకి పడిపోతుంది. డాట్ 4కైతే 230, 155. మరిగిన ఆయిల్‌లో బుడగలు వస్తాయి. బుడగలు నొక్కితే నొక్కుకుపోతాయి, పెడల్ మెత్తగా నేలకి తగులుతుంది, బండి ఆగదు. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చమని సర్వీస్ పుస్తకంలో రాసేది ఇందుకే. ఇంజన్ ఆయిల్ గురించి పది రివ్యూలు చూసే మనం దీన్ని ఒక్కసారి కూడా అడగం.

ఈ లెక్కంతా నేను కాగితం మీద వేసుకున్నది. కళ్ళారా చూసింది గువ్వలచెరువు దగ్గర. రాయచోటి నుంచి వస్తూ కోవా కట్టించుకుని, మూడో గేర్, మలుపుల్లో రెండో గేర్, తట్టుకుంటూ దిగాం. బ్రేక్ వాడింది చాలా తక్కువ. కిందకి వచ్చాక రోడ్డు పక్కన ఒక ప్యాసింజర్ వ్యాన్ ఆగి ఉంది. ముందు చక్రాల నుంచి పొగ. కాలిన వాసన యాభై అడుగుల దూరానికే తెలుస్తోంది. లోపల ఇద్దరు ముసలివాళ్ళు, ముగ్గురు పిల్లలు, ఒక ఆడమనిషి ఒడిలో పసిబిడ్డ. డ్రైవర్ కుర్రాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, బకెట్‌తో నీళ్ళు తెస్తున్నాడు.

మామ కారు ఆగకముందే తలుపు తీసి, "నీళ్ళు పొయ్యొద్దు నాయనా, పొయ్యొద్దు!" అని కేకేశాడు. ఎర్రగా కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే డిస్క్ వంకరపోతుంది, పగిలినా పగలొచ్చు. హ్యాండ్ బ్రేక్ కూడా లాగనివ్వలేదు. గేర్‌లో పెట్టించి, టైర్ కింద రాయి పెట్టించాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఏ గేర్లో దిగినావు?"

"న్యూట్రల్ అన్నా. డీజిల్ కలిసొస్తాదని."

మామ తిట్టలేదు. "పెడలు ఎట్లుండె?" అన్నాడు. "ఆఖరి మలుపులో మెత్తగా పోయింది అన్నా" అన్నాడు ఆ అబ్బాయి. ఆ మాట వ్యాన్‌లోని పెద్దావిడ వింది. ఏమీ అనలేదు. పిల్లాడి తల మీద చెయ్యి వేసి అట్లే కూర్చుంది.

నలభై నిమిషాలు అక్కడే ఉన్నాం. ఆ నలభై నిమిషాల్లో ఆ అబ్బాయికి నేను చెప్పింది మీకూ చెప్పాలి, ఎందుకంటే ఈ "న్యూట్రల్‌లో కలిసొస్తుంది" నమ్మకం మన వాళ్ళలో చాలా గట్టిది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో బండి గేర్‌లో ఉండి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, కంప్యూటర్ ఇంధనం ఆపేస్తుంది. చక్రాలే ఇంజన్‌ని తిప్పుతుంటాయి కాబట్టి చుక్క కూడా అక్కర్లేదు. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా ఉండాలి కాబట్టి ఐడ్లింగ్‌కి ఇంధనం పోస్తుంది. అంటే ఘాట్‌లో న్యూట్రల్ వేస్తే ఖర్చు తగ్గదు, పెరుగుతుంది. కార్బురేటర్ కాలం నాటి లెక్క ఇది, బండ్లు మారినా నోటి మాట మారలేదు. ఇంకొందరు ఏకంగా కీ ఆపేసి దిగుతారు. అప్పుడు కారులో బ్రేక్‌కి బలమిచ్చే వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, పవర్ స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంటుంది. లారీల్లో గాలి బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్ ఇంజన్‌తోనే తిరుగుతుంది. ఇంజన్ ఆపితే గాలి ఖర్చే గానీ రాబడి లేదు.

మామ మాత్రం ఇంత చెప్పలేదు. "ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లో దిగు. అది సాలదనిపిస్తే ఇంగొకటి తగ్గించు. ఎక్కే బండికి దారి ఇయ్యి." ఘాట్ డ్రైవింగ్ మొత్తం ఇందులో ఉంది. మూడోది మర్యాద మాత్రమే కాదు, కొండ రోడ్డు మీద ఎక్కే బండికే ముందు దారి అని మన ట్రాఫిక్ నిబంధనల్లోనూ ఉంది.

బైక్ వాళ్ళు ఇక్కడిదాకా చదివి "మాకేంటి" అనుకుంటున్నారేమో. మీకు ఇది కార్ల వాళ్ళకన్నా ముందే వచ్చు. సిగ్నల్ దగ్గరికి వస్తూ గేర్లు దించేటప్పుడు మణికట్టుతో "బ్రూమ్, బ్రూమ్" అనిపిస్తారు కదా, సగంమంది సౌండ్ కోసం చేసేది అదే రెవ్ మ్యాచింగ్. చేయకుండా ఒకేసారి రెండు గేర్లు దించి క్లచ్ వదిలితే వెనక చక్రం కీచుమని ఎగురుతుంది. వర్షంలోనో, మలుపులో ఇసుక మీదో అయితే బండి కింద, మీరు పైన ఉండరు. కొత్త స్పోర్ట్స్ బైకుల్లో స్లిప్పర్ క్లచ్ ఉంటుంది, అది ఆ దెబ్బని కొంత తగ్గిస్తుంది. అన్ని బైకుల్లో ఉండదు, మీ బండిలో ఉందో లేదో తెలుసుకోండి.

కార్ల వాళ్ళకి రెండు జాగ్రత్తలు. తడి రోడ్డు మీద, కంకర మీద మ్యాచ్ కుదరని డౌన్‌షిఫ్ట్ కూడా హ్యాండ్ బ్రేక్ లాగినట్టే పనిచేస్తుంది. మన కార్లు ఎక్కువ ముందు చక్రాలతో నడిచేవి, ఆ చక్రాలే జారితే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే పోతుంది. కాబట్టి గేర్ మార్చడం మలుపు ముందే అయిపోవాలి, మలుపు మధ్యలో కాదు. రెండోది ఖరీదైనది. ఐదు నుంచి నాలుగు వేయబోయి చెయ్యి పక్కకి పోయి రెండు పడితే, ఇంజన్ తన హద్దు దాటి తిరుగుతుంది. పైకి వేసేటప్పుడు కంప్యూటర్ ఇంధనం ఆపి కాపాడుతుంది గానీ, ఇక్కడ తిప్పేది చక్రాలు కాబట్టి దాని చేతుల్లో ఏమీ ఉండదు. వాల్వులు వంగాయంటే బిల్లు మీ నెల జీతంతో మాట్లాడుతుంది. తొందరగా కాదు, వరసగా దించండి.

ఇంకా రోజూ చేసేవాళ్ళకి ఒక లాభం. నా పాత గేర్ దించే పద్ధతిలో అమ్మకి నంద్యాల దాటేలోపు తల తిరిగేది, ఆళ్ళగడ్డలో ఆపి నిమ్మ సోడా తాగించాల్సి వచ్చేది. ఈమధ్య కడప దాకా నిద్రపోతోంది. నేను ఏమి నేర్చుకున్నానో ఆమెకి చెప్పలేదు, రోడ్డు బాగుచేశారనుకుంటోంది.

ఇదంతా ఎన్నాళ్ళు పనికొస్తుందో తెలియదు, అదీ నిజమే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆ కార్లలో మార్చడానికి గేర్లే లేవు. కాలు తీస్తే మోటార్ తనే జనరేటర్‌గా మారి బండిని ఆపుతుంది, ఆ శక్తిని బ్యాటరీలోకి తోస్తుంది. మన ఎలక్ట్రిక్ కార్లలోనూ ఇదే పద్ధతి. బ్యాటరీలో చోటుంటే ఘాట్ దిగేటప్పుడు ఆ ఏడు లీటర్ల వేడిలో కొంత కరెంటుగా తిరిగొస్తుంది. ఇంజనీర్‌గా చూస్తే దీనికి మించిన ఇంజన్ బ్రేకింగ్ లేదు.

మామని ఫ్రెండ్ ఎలక్ట్రిక్ కారులో మైదుకూరు దాకా తిప్పి తెచ్చాను. దారంతా ఏమీ మాట్లాడలేదు. ఇంటి ముందు దిగాక తలుపు పట్టుకుని లోపలికి ఒకసారి చూసి అడిగాడు. "అంతా బాగుండాది అల్లుడూ. మరి ఎడమ కాలు యాడ పెట్టుకోవాల?"